అమ్మలకు తెలిసిన మచ్చలు

నేను జైల్లో మందులిచ్చే ఉద్యోగం చేస్తాను. కాగితాల మీద నా హోదా ఫార్మసిస్టు. లోపలున్నవాళ్లకు మాత్రం కాంపౌండరు సార్‌ను. బుక్కరాయసముద్రంలో ఇల్లు. పొద్దున ఏడింటికంతా బండి మీద బయలుదేరుతాను. మా జైలు పెద్దదేమీ కాదు. నాలుగు బ్యారక్‌లు, వంటగది, ఖైదీలు నేత పనిచేసే మగ్గాల షెడ్డు, గేటు పక్కన నా డిస్పెన్సరీ. శిక్ష పడినవాళ్లు కొందరు. కేసు తేలక ఎదురుచూసే రిమాండు ఖైదీలు ఎక్కువమంది. పన్నెండేళ్లలో నా దగ్గరికొచ్చిన జబ్బులు దాదాపు ఒకే తీరు. గజ్జి, కడుపునొప్పి, షుగరు, నిద్ర పట్టకపోవడం. కరోనా కాలాన్ని కూడా ఎట్లో గట్టెక్కినాం. అది పోయిన రెండేళ్లకు ఒక ఎండాకాలం వచ్చింది. దాని గురించి చెప్పాలి.

కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక గొర్రెల కాపరి రిమాండుకు వచ్చినాడు. గట్టు తగాదాలో ఎవరి తలో పగలగొట్టినాడని కేసు. వచ్చిన వారానికి జ్వరమని నా కిటికీ దగ్గర నిలబడినాడు. మాత్రలిచ్చి పంపినాను. మూడోరోజు మళ్లీ వచ్చి, ఏమీ మాట్లాడకుండా చొక్కా ఎత్తి చూపినాడు. ఛాతీ నిండా నీళ్ల బొబ్బలు.

"అమ్మోరు పోసినట్టుండాది సార్," అన్నాడు, ఇంటికి చుట్టం వచ్చిందని చెప్పినంత నిదానంగా. "నేనొచ్చే ముందర మా ఊర్లో పిల్లోళ్లకు పోసినాది."

వారానికి మూడుసార్లు వచ్చే డాక్టరమ్మ ఆ రోజు ఉండబట్టి సరిపోయింది. చిన్న వయసు, మాటల్లో తొందర. బొబ్బలు చూసి, "చికెన్‌పాక్స్. ఏ బ్యారక్?" అని అడిగింది.

"రెండోది మేడమ్. ఈ మనిషి కాకుండా అరవై మంది దాకా ఉన్నారు."

ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. "పిల్లలకైతే వారం రోజుల దురద. పెద్దవాళ్లకు ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికొస్తుంది. ఇంతమంది పక్కపక్కన పడుకునే చోట ఇది ఆగదు, మనం ఆపితే తప్ప."

సూపరింటెండెంట్ సారు గదిలో ఆ మధ్యాహ్నం మాట్లాడుకున్నాం. మడకశిర వైపు మనిషి ఆయన. రిటైరుమెంటుకు దగ్గరపడినాడు, గొంతెత్తి మాట్లాడగా నేను వినలేదు. ములాఖత్, అంటే ఇంటివాళ్లు వచ్చి చూసిపోవడం, ఆపేయాలన్నాడు. కోర్టు వాయిదాలు వీడియోలో జరిపించమని జడ్జిగారికి రాసినాడు. కొత్తగా వచ్చేవాళ్లకు వేరే గది. జబ్బు పడినవాళ్లకు మగ్గాల షెడ్డు, ఎందుకంటే దానికి పెద్ద కిటికీలున్నాయి, గాలి ఆడుతుంది. ఇంతవరకు అందరం తలలూపినాం.

అప్పుడు డాక్టరమ్మ అసలు మాట చెప్పింది. "ఇది ఒకసారి వచ్చిపోయినవాళ్లకు సాధారణంగా మళ్లీ రాదు. అట్లాంటివాళ్లెవరో తేలితే రోగుల పనికి వాళ్లను పెట్టొచ్చు. ఇప్పటిదాకా రానివాళ్లను విడిగా ఉంచొచ్చు. బ్యారక్‌లన్నీ మళ్లీ పంచాలి సార్."

సారు చాలాసేపు టేబుల్ మీది గాజుపలకను వేలితో రుద్దుతా కూర్చున్నాడు.

"అమ్మా, నా బ్యారక్‌లు దేన్ని బట్టి పంచినానో మీకు తెలీదు," అన్నాడు చివరికి. "పగల్ని బట్టి. ఈ ఊరివాడు ఆ ఊరివాని కంట పడకూడదు. ఈ వర్గం వాడు కొళాయి దగ్గరికి పోయినప్పుడు ఆ వర్గం వాడు రాకూడదు. ఇదంతా ఏ రిజిస్టర్‌లోనూ లేదు, నా తలకాయలో ఉండాది. అది చెరిపేసి ఒంటిమీది మచ్చల్ని బట్టి పంచమంటున్నారు."

ఫ్యాను తిరగతా ఉంది. కాసేపటికి ఆయనే, "సరే. పట్టీ రాయండి," అన్నాడు.

ఆ పట్టీ రాసే పని నాది. రిజిస్టరు పట్టుకుని నాలుగు బ్యారక్‌లూ తిరిగినాను. చిన్నప్పుడు నీకు అమ్మోరు పోసిందా, అని ఒక్కొక్కరినే అడిగినాను. కొందరు వెంటనే చెప్పినారు. ముఖాన గుంటలు ఉన్నవాళ్లను అడిగే పనే లేదు. కానీ ఎక్కువమంది తల గోక్కున్నారు. లారీ తోలేవాడు, శెనక్కాయ సేద్యం చేసేవాడు, పెద్ద పెద్ద కేసుల్లో పేరుమోసినవాడు, అందరి జవాబూ ఒకటే.

"ఏమో సార్. మాయమ్మకు తెల్సు."

మొదటి రోజు నాకు చిరాకేసింది. రెండో రోజు ఆ మాట రిజిస్టర్‌లో ఎన్ని పేర్ల పక్కన రాసినానో చూసుకుంటే వేరే దారి లేదని తెలిసింది. సారు దగ్గరికి పోయి, వీళ్ల అమ్మలకు ఫోన్లు చేస్తానన్నాను. ఇంటి నంబర్లు ఆఫీసులో ఉంటాయి. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఆఫీసు ఫోను నా వైపు జరిపినాడు.

జైలు నుంచి ఫోనంటే ఏ తల్లికైనా గుండె ఆగుతుంది. అందుకని నా మొదటి మాట ఎప్పుడూ ఒకటే పెట్టుకున్నాను. "మీ వాడు బాగుండాడమ్మా." ఆ తర్వాతే నేనెవరో చెప్పేది. ఆ తర్వాత ప్రశ్న. జైలువాళ్లు ఇది అడుగుతారని ఏ తల్లి అనుకుంటుంది?

కానీ ఆ ఆశ్చర్యం తీరినాక వాళ్లు చెప్పే తీరుకు నేను పెన్ను పక్కన పెట్టేసేవాణ్ణి.

"పోసినాది సామీ. వాడు రెండో తరగతి. శెనక్కాయ పీకే కాలం. చేన్లో కంపచెట్టు కింద పండబెట్టి పనికి పోయినా. ఎడమ చెవి ఎనకాల గోక్కున్నాడు, ఆడ చిన్న గుంట పడినాది. ఎంటికలు పక్కకు జరిపి చూడప్పా."

నేను బ్యారక్‌కు పోయి, నలభై దాటిన ఆ మనిషిని కిటికీ దగ్గరికి రమ్మని, నెరిసిన వెంట్రుకలు పక్కకు జరిపి చూసినాను. మెంతిగింజంత గుంట. అక్కడ అట్లాంటిది ఉందని ఆయనకే తెలీదు. వేలు పెట్టి తడుముకుని, "ఇదా?" అని నా ముఖంలోకి చూసినాడు.

గుంతకల్లు నుంచి ఒకామె, "నీళ్ల బొబ్బలు కాదు నాయనా, వానికి పోసింది తట్టు. ఎర్రటి దద్దు. నీళ్ల బొబ్బలు వాని చెల్లెలికి," అని విడమరిచి చెప్పింది. డాక్టరమ్మ అది విని, తను వైద్యం చదివేటప్పుడు ఈ తేడా నేర్చుకోవడానికి ఎంతసేపు పట్టిందో తలుచుకుని నవ్వింది. ఇంకొకామె కొడుకుతో నాలుగేళ్లుగా మాటలు లేవని, వాని ఊసు నా దగ్గర ఎత్తొద్దని ఫోను పెట్టేసింది. పది నిమిషాలకు ఆమే తిరిగి చేసింది. "కుడి మోకాలి కింద చూడు," అని ఒక్క ముక్క చెప్పి మళ్లీ పెట్టేసింది. చూసినాను. ఉంది.

నాలుగు రోజులు ఫోన్లు చేసినాను. అందరి తల్లులూ బతికి లేరు, కొందరికి పెద్దక్కలు చెప్పినారు, కొన్ని పేర్ల పక్కన ఏమీ తేలలేదు. తేలనివాళ్లను జబ్బు రానివాళ్ల కిందే లెక్కవేయమంది డాక్టరమ్మ. ఇంటికి పోయి మా అమ్మను కూడా అడిగినాను. ఆమె కూర తరుగుతా, తలెత్తకుండానే చెప్పింది. "నీకు రాలేదు. మీ అన్నకొచ్చింది. నిన్ను ఆ పొద్దే మీ అవ్వోళ్ల ఊరికి తోలేసినా." అంటే షెడ్డులోకి నేను అడుగుపెట్టకూడదు. ఆ మాట విని నాకు సిగ్గూ, భయమూ రెండూ కలిగినాయి. ఆ కాపరికి రెండుసార్లు మూరెడు దూరం నుంచి మందిచ్చినవాణ్ణి నేనే గదా.

ఆ ఫోన్లలో రెండింటి గురించి విడిగా చెప్పాలి.

ధర్మవరం అవతల ఒకే పల్లెకు చెందిన ఇద్దరు మా జైల్లో ఉన్నారు. ఇద్దరికీ ముప్పై అయిదు దాటి ఉంటాయి. చెరో వర్గం. ఒకని అన్న చనిపోయిన కేసులో రెండోవాని చిన్నాయనకు శిక్ష పడింది. ఆ తర్వాత జరిగిన దెబ్బలాటల్లో వీళ్లిద్దరూ లోపలికి వచ్చినారు. ఒకడు ఒకటో బ్యారక్‌లో, ఇంకొకడు నాలుగో దాంట్లో. మధ్యలో రెండు గోడలు ఉండేట్టు సారు చూసుకున్నాడు. ఒకడు పొడుగు, ఇంకొకడు నున్నగా గుండు చేయించుకుని ఉంటాడు. పేర్లు వద్దు గనక అట్లే చెప్తాను.

పొడుగాయన తల్లి ఫోన్లో, "పోసినాది. మూడో తరగతిలో. ఇస్కూల్లో పక్కన కూచునే పిల్లోనికి ముందొచ్చి, వాని నుంచి మా వానికి తగులుకున్నాది. ఇద్దర్నీ మా వసారాలోనే ఒక సాప మీద పండబెట్టి వేపాకు పరిచినాం. ఆ పిల్లోని అమ్మకు అప్పుడు మగ్గం పని ఎక్కువుండె," అంది. ఫోను పెట్టే ముందు, "ఆ పిల్లోడు ఎవురో మీకు తెల్సులేప్పా," అంది.

నాకు అప్పుడు తెలీదు. మరుసటి రోజు గుండాయన తల్లికి ఫోన్ చేసినప్పుడు తెలిసింది. ఆమె కూడా అదే మూడో తరగతి చెప్పింది, అదే సాప చెప్పింది. ఇద్దరు తల్లులూ ఏళ్ల తరబడి మాట్లాడుకోలేదు. ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలిసే దారే లేదు. నేను ఫోను పెట్టి, రెండు పేర్ల పక్కనా 'మూడో తరగతి' అని రాసుకున్నాను. సారుకు చెప్తే, "కొడుకులకు చెప్పొద్దులే," అన్నాడు.

రెండు వారాలు దాటేసరికి షెడ్డులో ఏడుగురు చేరినారు. జ్వరాలు, దురద, గొంతులో బొబ్బలు వచ్చి నీళ్లు కూడా దిగని పరిస్థితి. లోపల పనికి మనుషులు కావాలి. సారు జబ్బు వచ్చిపోయినవాళ్లందరినీ వాకిట్లో కూర్చోబెట్టినాడు.

"బలవంతం లేదు. పోతే షెడ్డులోనే ఉండాల, జబ్బు పోయినదాంక బయటికి రాకూడదు. ఒళ్లు తుడవాల, బట్టలు ఉడకబెట్టాల, గంజి తాపాల. ఇష్టమున్నోళ్లు లేయండి."

ముందు పొడుగాయన లేచినాడు. ఇంకా ఒకరిద్దరు లేచినారు. వాకిలికి అటు చివర గుండాయన లేచినాడు. అందరి తలలూ అటు తిరిగినాయి. సారు ఇద్దరినీ విడివిడిగా పిలిపించినాడు. నేను మందుల జాబితా పట్టుకుని ఆ గదిలోనే ఉన్నాను.

"నీ తర్వాత ఎవడు లేచినాడో చూసినావా?" అని పొడుగాయనను అడిగినాడు.

"చూసినా సార్."

"మరి?"

"వాడు లేచినాడని నేను కూచోవాల్నా సార్?"

గుండాయన ఇంకా తక్కువ మాట్లాడినాడు. "వాడుంటే ఏమి సార్. ఆడ పండుకున్నోళ్లలో మా బ్యారక్ వాళ్లు ముగ్గురుండారు. వాళ్లను ఎవురు చూస్తారు?"

సారు ఇద్దరినీ లోపలికి పంపినాడు. తోడుగా ఇంకో నలుగురిని, చిన్నప్పుడు జబ్బు పడిన ఒక వార్డరును కూడా పంపినాడు. ఇరవై అయిదేళ్ల ఉద్యోగంలో అంత భయపడి సంతకం పెట్టింది లేదని తర్వాత నాతో అన్నాడు.

మిగిలిన బ్యారక్‌లను కూడా పట్టీ ప్రకారం మార్చినాం. ములాఖత్ ఆగిన మూడో వారంలో గిన్నెలు కొట్టినారు. లోపల మనుషులు చచ్చిపోతున్నారు, దాచిపెడుతున్నారని పుకారు పుట్టింది. సారు ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ప్రతి మనిషికీ ఇంటికి ఫోను మాట్లాడే రోజులు పెంచినాడు. షెడ్డులో ఉన్నవాళ్లను కిటికీ దగ్గరికి పిలిచి, వాళ్లు ఇంటివాళ్లకు కనబడేట్టు వీడియో ఫోను నా చేత పట్టించినాడు. గిన్నెల చప్పుడు దానంతటదే ఆగిపోయింది.

డాక్టరమ్మ ఇంకో పని చెప్పింది. కొత్త బొబ్బ ఎక్కడ లేస్తుందో ఆ రోజే తెలియాలి. ముందుగా ఛాతీ మీద, వీపు మీద లేస్తాయి. వీపు ఎవరికి వాళ్లకు కనపడదు. అందుకని రోజూ పొద్దున, ఎండ ముదరకముందు, చొక్కాలు విప్పి ఒకరి వీపు ఒకరు చూడాలి.

ఆ దృశ్యం నేను ఎంతకాలం బతికినా మరిచిపోను. కొండల వైపు నుంచి పొద్దు ఎక్కుతా ఉంటుంది. దూరంగా గట్ల మీద గాలిమరలు తిరగతా ఉంటాయి. వాకిట్లో వరసలు. ప్రతి మనిషీ ముందున్న మనిషి వీపు మీద వంగి, పుస్తకం చదివినంత శ్రద్ధగా చూస్తా ఉంటాడు. ఈ మనుషులు ఒకరికి వీపు చూపి కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. భోజనానికి కూడా గోడకు ఆనుకునే కూర్చునేవాళ్లు. ఇప్పుడు వెనకున్నవాడు ఎవరో తెలిసి కూడా చొక్కా విప్పి నిలబడుతున్నారు. "ఈడ ఒకటి ఎర్రగుండాది, కదలాకు," అని ఒకడు. "అది దోమ కుట్టిందిలేబ్బా," అని ఇంకొకడు. గేటు దగ్గర వార్డర్లు కూడా యూనిఫాం చొక్కాలు విప్పి ఒకరినొకరు చూసుకునేవాళ్లు. నా వీపు స్టోరు గుమాస్తా చూసేవాడు.

షెడ్డు పనులు నేను కిటికీ బయట నుంచే చూసేవాణ్ణి. మాత్రలు, గులాబీరంగు లోషను అందించేవాణ్ణి. మొదట్లో కొందరు మాత్రలు మింగేది లేదన్నారు, అమ్మోరికి కోపమొస్తుందని. డాక్టరమ్మ వాదించలేదు. వేపాకు తెప్పించి పక్కల మీద పరిపించింది. "ఆకు మీ ఇష్టం, మాత్ర నా ఇష్టం," అంది. అందరూ మింగినారు.

పొడుగాయన, గుండాయన మాట్లాడుకోగా నేను ఒక్కసారి కూడా వినలేదు. అయినా పని ఆగలేదు. ఒకడు రోగిని భుజాలు పట్టి లేపితే రెండోవాడు అప్పటికే దుప్పటి లాగేసి ఉంటాడు. ఒకడు గంజి చల్లారుస్తుంటే ఇంకొకడు చెంచా కడుక్కొచ్చి పక్కన పెడతాడు. ఒకరోజు పొడుగాయన ఎవరి వీపుకో లోషను రాస్తా, నా వైపు చూడకుండానే అన్నాడు.

"చిన్నప్పుడు మా ఇద్దరికీ ఒకేసారి పోసె సార్. ఆపొద్దు మీరడిగితే నేను చెప్పలే, మాయమ్మ చెప్పింటాది."

"చెప్పింది," అన్నాను. "ఆ తర్వాత?"

"ఆ తర్వాత పెద్దోళ్లమైతిమి." అంతే.

వాళ్లు షెడ్డులోకి పోయిన రెండో వారంలో ఒక లారీ డ్రైవరుకు దగ్గు మొదలై, ఊపిరి అందక పెదాలు నీలంగా మారినాయి. అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. అంబులెన్సు గేటు బయట ఆగింది. దాన్లో వచ్చిన మనిషి తనకు ఈ జబ్బు రాలేదని దూరం జరిగినాడు, ఆయన తప్పు లేదు. సారు చూసి చూసి, "మంచంతో మీరే తెండి," అన్నాడు పొడుగాయనతో, గుండాయనతో. ఒకడు తలవైపు, ఒకడు కాళ్లవైపు. వాకిలంతా అందరూ దూరంగా తప్పుకుని దారిచ్చినారు. పెద్దగేటు పూర్తిగా తెరిచింది నేను అప్పుడే చూసినాను. ఇద్దరూ గేటు దాటి, రోడ్డు కనపడే చోటికి పోయి, డ్రైవరును లోపల పండబెట్టి, గాలిగొట్టం ముక్కుకు సరిగ్గా తగిలించేదాకా ఉన్నారు. సంకెళ్లు లేవు. పక్కన ఒకే వార్డరు. ఖాళీ మంచం పట్టుకుని తిరిగి లోపలికి వచ్చేసినారు. ఎండ బాగా తగిలే చోటు చూసి, మంచాన్ని కడిగి ఆరబెట్టినారు.

డ్రైవరు పన్నెండు రోజులకు బక్కచిక్కి తిరిగొచ్చినాడు. ఆ మధ్యలో రెండో బ్యారక్‌లోని ఒక రిమాండు ఖైదీకి బెయిలు వచ్చింది. జామీన్లు పెడితే ఆ రోజే ఇంటికి పోవచ్చు. ఆయన నా కిటికీ దగ్గరికొచ్చి, భార్యకు ఎనిమిదో నెల అని, ఈ జబ్బు తన నుంచి ఆమెకు అంటుతుందా అని అడిగినాడు. అంటొచ్చని, కడుపుతో ఉన్నవాళ్లకు ప్రమాదమని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. బెయిలొచ్చిన మనిషిని ఆపే అధికారం మాకెవరికీ లేదు. ఆయనే లాయరుకు ఫోన్ చేసి, తను చెప్పేదాకా జామీన్లు పెట్టొద్దన్నాడు. ఇంకా పదిహేడు రోజులు, తలుపు తెరిచి ఉన్నా, లోపల కూర్చున్నాడు. రోజూ పొద్దున అందరికంటే ముందు చొక్కా విప్పేది ఆయనే.

కొత్త బొబ్బ లేకుండా ఇరవై ఒక్క రోజులు గడిస్తేనే జబ్బు పోయినట్టని డాక్టరమ్మ లెక్క, బొబ్బ కనపడిన ప్రతిసారీ అది మళ్లీ మొదటికొచ్చేది. అట్లా మూడుసార్లు మొదటికొచ్చింది. నాలుగోసారి ఇరవై ఒకటో రోజు డాక్టరమ్మ అన్ని వరసలూ తనే తిరిగి చూసి, "అయిపోయింది," అంది. ఎవరూ కేక వేయలేదు. కొంతమంది చొక్కాలు తొడుక్కోవడం మర్చిపోయి అట్లే నిలబడినారు. ఒక్కరు కూడా చనిపోలేదు.

ములాఖత్ మొదలైన రోజు పొడుగాయన తల్లి వచ్చింది. పల్చటి మనిషి, చేతిలో గుడ్డసంచి. గేటు దగ్గర నా గొంతు విని గుర్తుపట్టింది.

"ఫోన్ చేసింది నువ్వేనా అప్పా?"

"నేనేనమ్మా."

కొడుకు గురించి అడిగింది, చెప్పినాను. వరసలోకి పోబోయి ఆగి, గొంతు తగ్గించి, "ఆ పిల్లోడు కూడా బాగుండాడా?" అంది.

"బాగుండాడమ్మా."

తలూపి లోపలికి పోయింది.

తర్వాతి వారం బ్యారక్‌లు మళ్లీ పాత పద్ధతికి మారినాయి. పొడుగాయన ఒకటోదానికి, గుండాయన నాలుగోదానికి. వాళ్లు కలిసిపోయినారని నేను రాస్తే అబద్ధమవుతుంది. కొళాయి దగ్గర వేళలు మళ్లీ వేరయినాయి. ఒకరోజు మందులకు వచ్చినప్పుడు గుండాయనను అడిగినాను, అన్ని రోజులు కలిసి చేసినారు గదా, మనసులో ఏమీ అనిపించలేదా అని.

"పనుండె, చేసినాం సార్," అన్నాడు. మాత్రలు జేబులో వేసుకుని, చొక్కా దులుపుకుని, బ్యారక్ వైపు నడిచిపోయినాడు. నేను కిటికీలోంచి ఆయన పోయిందాకా చూస్తా ఉన్నాను.